పళ్ళెం వేరు, గాలి ఒకటే

పోయిన నెల మా వీధి చివరి ఇంటి అమ్మాయి హాస్టలు నుంచి సామానుతో సహా తిరిగి వచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆటోలోంచి దింపిన వాటిలో పరుపుచుట్ట, ట్రంకు పెట్టె, బకెట్టు, ఆ బకెట్టులో ఒక స్టీలు పళ్ళెం, గ్లాసు ఉన్నాయి. ఆమెకు క్షయ. మందులు మొదలుపెట్టి ఆరు వారాలైంది. జ్వరం పోయింది, దగ్గు దాదాపు తగ్గింది, రెండు కిలోల బరువు కూడా పెరిగింది. అయినా తోటి పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదని హాస్టలు వాళ్ళు పంపేశారట. "పళ్ళెం కూడా ఇక్కడ ఉంచొద్దన్నారండీ" అని వాళ్ళ అమ్మ నాతో చెబుతున్నంతసేపూ ఆ పళ్ళేన్ని కొంగుతో తుడుస్తూనే ఉంది.

నేను జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి, వార్డెన్‌తో ఒకసారి మాట్లాడమని ఆమె అడిగింది. వెళ్ళాను. అమ్మాయి ఉన్న గదిని చూశాను. ఎనిమిది మంచాలు, మూడు కిటికీలు. ఒక కిటికీకి అడ్డంగా బీరువా ఉంది. మిగతా రెండింటికీ దోమలు రాకుండా, జల్లు కొట్టకుండా ప్లాస్టిక్ పట్టాలు మేకులతో బిగించారు. జబ్బు బయటపడక ముందు ఆ అమ్మాయి ఆ గదిలో రెండున్నర నెలలు దగ్గింది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. పరీక్ష చేసి, జబ్బు పేరు తెలిసి, మందులు పడి, ఇతరులకు అంటించే శక్తి పోయాక పంపేశారు.

ఆ గదిలో నిలబడి ఉండగా నాకు మా పెద్ద మామయ్య గుర్తొచ్చాడు.

మామయ్య మా అమ్మమ్మగారి ఊళ్ళో బట్టలు కుట్టేవాడు. ఒక చలికాలమంతా దగ్గాడు. మేమంతా సెలవులకు అక్కడే ఉన్నాం. నడిమింట్లో తలుపులు బిడాయించుకుని, ఆయన చుట్టూ చాపలు పరుచుకుని, కథలు వింటూ నిద్రపోయేవాళ్ళం. ఉగాది దాటాక పట్నంలో ఎక్స్‌రే తీయించారు. క్షయ అన్నారు. సూదులు, మాత్రలు మొదలయ్యాయి. ఆ రోజు నుంచే ఆయన పళ్ళెం, గ్లాసు అరుగు మీది గూట్లోకి చేరాయి. అమ్మమ్మ అన్నం పైనుంచి వేసేది. ఆయన తన పళ్ళేన్ని తానే కడుక్కుని గూట్లో బోర్లించుకునేవాడు.

రెండేళ్ళకు మామయ్య రెండో కూతురికీ క్షయ వచ్చింది. తండ్రి మీద ప్రేమ కొద్దీ ఎవరూ చూడకుండా ఆయన పళ్ళెంలో తిని ఉంటుందని ఇంట్లో తేల్చేశారు. నిజానికి తిన్నదట కూడా. ఇద్దరికీ నయమైంది. కానీ నలభై ఏళ్ళు దాటిన తరువాత ఒక పెళ్ళిలో ఆమె నాతో, "నాన్న వద్దన్నా వినకుండా ఆ పళ్ళెంలో తిన్నాను, అందుకే వచ్చింది" అంది. అన్నేళ్ళుగా ఆ నేరాన్ని తన మీద వేసుకునే బతికింది. ఆ రోజు నాకు సరైన జవాబు తోచలేదు. ఇప్పుడు చెప్పగలను. ఆ జవాబు 1950లలోనే అమెరికాలో, బాల్టిమోర్‌లోని ఒక ఆసుపత్రిలో దొరికింది.

వార్డు పైన గినీ పందులు

రిచర్డ్ రైలీ అనే వైద్యుడికి అంటువ్యాధులు మొదటి రంగం కాదు. ఆయన శ్వాసక్రియను చదివినవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెన్సకోలాలోని అమెరికా నౌకాదళ విమాన వైద్య పాఠశాలలో, ఊపిరితిత్తుల్లోని గాలికీ ధమనుల్లోని రక్తానికీ ఆక్సిజన్ పీడనంలో ఎంత తేడా ఉంటుందో, ఎందుకుంటుందో కొలిచిన బృందంలో ఉన్నాడు. తరువాత ఆంద్రే కూర్నాన్ అనే మరో వైద్యుడితో కలిసి 1949లో ఊపిరితిత్తులను అర్థం చేసుకునే ఒక తేలికైన పద్ధతి చెప్పాడు. మనం పీల్చే గాలిలో కొంత రక్తాన్ని తాకకుండానే తిరిగి పోతుంది. ఊపిరితిత్తుల్లోకి వచ్చే రక్తంలో కొంత గాలిని తాకకుండానే పోతుంది. మిగిలిన చోట గాలీ రక్తమూ సరిగ్గా కలుస్తాయి. ఈ మూడు భాగాల లెక్క శ్వాసకోశ వైద్యులకు ఇప్పటికీ పనికొస్తోంది.

ఇలాంటి మనిషి క్షయ జోలికి రావడానికి కారణం విలియం ఫర్త్ వెల్స్. హార్వర్డ్‌లో రైలీకి పాఠం చెప్పిన పారిశుధ్య ఇంజనీరు ఆయన. భార్య మిల్డ్రెడ్ వెల్స్ వైద్యురాలు, ఆ పరిశోధనలో సమానంగా పాలు పంచుకున్న మనిషి. వెల్స్ పేరుతో ఇప్పుడు వాడే సమీకరణం (దాని సంగతి చివర్లో చెబుతాను) దగ్గర ఆమె పేరు ఎక్కడా వినిపించకపోవడం నాకు బాధగానే ఉంటుంది. వెల్స్ 1934లో చెప్పిన మాట ఇది: దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు వచ్చే పెద్ద తుంపరలు వెంటనే నేల మీద పడతాయి. చిన్నవి పడేలోపే ఆరిపోతాయి. ఆరగా మిగిలిన సూక్ష్మమైన రేణువు పొగలాగా గాలిలో గంటల తరబడి తేలుతుంది, గదంతా తిరుగుతుంది. అందులో క్రిమి బతికే ఉంటే, రోగి లేచి వెళ్ళిపోయాక వచ్చిన మనిషికి కూడా జబ్బు అంటుకోవచ్చు.

అప్పటి ప్రజారోగ్య పెద్దలు దీన్ని నమ్మలేదు. చార్లెస్ చాపిన్ అనే అమెరికా ప్రజారోగ్య అధికారి 1910 నాటికే రోగాలు తాకిడి వల్ల, దగ్గరి తుంపరల వల్ల వస్తాయి తప్ప గాలి వల్ల కాదని గట్టిగా వాదించి గెలిచి ఉన్నాడు. చెడుగాలి వల్ల రోగాలు వస్తాయన్న పాత నమ్మకంతో విసిగిపోయిన కాలం అది. 'గాలి' అన్న మాటే మూఢనమ్మకంలా వినిపించేది.

మాటలతో తేలని ఆ వివాదాన్ని తేల్చడానికి వెల్స్, రైలీ, సహపరిశోధకురాలు క్రెటిల్ మిల్స్, మరికొందరు బాల్టిమోర్‌లో మాజీ సైనికుల ఆసుపత్రిలో ఒక వార్డు కట్టించారు. క్షయ రోగులకు ఆరు గదులు. ఆ గదుల గాలి బయటకు పోదు, గొట్టాల ద్వారా పైన ఉన్న బోనులకు చేరుతుంది. ఆ బోనులలో సగటున 156 గినీ పందులు ఉండేవి. గినీ పందికి క్షయ చాలా తేలికగా అంటుకుంటుంది. అవి రోగిని చూడలేదు. రోగి తాకినదేదీ వాటిని చేరలేదు. పళ్ళెం లేదు, గ్లాసు లేదు, తువ్వాలు లేదు, ఉమ్మి లేదు. కిందినుంచి వచ్చే గాలి ఒక్కటే.

1956లో మొదలైంది. రెండేళ్ళలో 71 గినీ పందులకు క్షయ సోకింది. వాటిలో దొరికిన క్రిములు ఏ మందుకు లొంగుతున్నాయి, ఏ మందుకు లొంగడం లేదు అని చూసి, ఆ సమయంలో కింద ఉన్న రోగుల క్రిములతో పోల్చి, ఏ రోగి నుంచి ఏ జంతువుకు సోకిందో చాలావాటి విషయంలో చెప్పగలిగారు. ఇంతటితో ఆగలేదు. మేత వల్లో, పనివాళ్ళ వల్లో సోకి ఉండవచ్చు కదా అనే ప్రశ్న మిగిలింది. తరువాతి రెండేళ్ళు బోనులను రెండు భాగాలు చేశారు. అదే గాలి, అదే మేత, అదే మనుషులు. కాకపోతే ఒక భాగానికి వెళ్ళే గాలిని దారిలో అతినీలలోహిత కిరణాల మీదుగా పంపారు. ఆ భాగంలో ఒక్క జంతువుకు కూడా సోకలేదు.

ఎన్నోసార్లు చదివినా ఈ ప్రయోగం దగ్గర నేను ఆగిపోతాను. అందులో దబాయింపు లేదు, గొంతు పెంచడం లేదు. నాలుగేళ్ళు ఓపికగా, నెలనెలా ఆ జంతువుల చర్మం మీద పరీక్ష చేస్తూ కూర్చోవడమే ఉంది.

ఇక పళ్ళెం సంగతి. మనం పీల్చే గాలిలోని పెద్ద రేణువులను ముక్కు, గొంతు, శ్వాసనాళాలు పట్టి ఆపేస్తాయి. కొద్ది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు రేణువులే చిట్టచివరి వాయుగోణుల దాకా, అంటే ఊపిరితిత్తుల్లోని అతి చిన్న గాలి సంచుల దాకా దిగుతాయి. ఊపిరితిత్తుల క్షయ క్రిమికి కావలసిన చోటు అదే. పళ్ళేనికి అంటిన ఎంగిలి ఆరి, గాలిలో తేలే రేణువై, అంత లోతుకు దిగదు. కాచని పాల ద్వారా పశువుల క్షయ పేగులకు వచ్చే దారి వేరు, దానికి పాలు కాచుకోవాలి. మా మామయ్య కూతురికి జబ్బు తెచ్చింది ఆ పళ్ళెం కాదు. ఆ నడిమిల్లు, ఆ చలికాలం, ఆ బిడాయించిన తలుపులు. అందరం పీల్చాం. ఆమెకు వచ్చింది, నాకు రాలేదు. అంతకు మించి అందులో ఎవరి తప్పూ లేదు.

అవే ఏళ్ళలో మద్రాసు

బాల్టిమోర్‌లో గినీ పందులు ఉన్న రోజుల్లోనే, మనకు దగ్గరలో ఇంకో ప్రయోగం జరిగింది. మద్రాసు నగరంలోని పేద రోగులు 193 మందిని 1956 నుంచి రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి శానిటోరియంలో (క్షయ రోగులను ఉంచే ఆసుపత్రిలో), ఇంకో వర్గానికి ఇరుకు ఇళ్ళలోనే ఏడాదిపాటు మందులిచ్చారు. వాలెస్ ఫాక్స్ నడిపించిన ఆ పరిశోధన ఫలితాలు 1959లో వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్ళకూ దాదాపు అంతే బాగా నయమైంది. అంతకంటే ముఖ్యంగా, ఇంట్లో వైద్యం చేయించుకున్న రోగుల కుటుంబాలకు క్షయ ఎక్కువగా రాలేదు.

మొదట చూస్తే ఈ రెండూ ఒకదానికొకటి ఎదురుగా కనిపిస్తాయి. గాలి ద్వారా అంటే జబ్బు ఇరుకింట్లో అంటాలి కదా! నా విద్యార్థి ఒకడు ఇదే అడిగాడు. జవాబు రైలీ లెక్కల్లోనే ఉంది. రోగులందరూ సమానంగా అంటించరు. బాల్టిమోర్‌లో ఒక దశలో 77 మంది రోగులను లెక్కలోకి తీసుకుంటే, ఎవరి నుంచి సోకిందో తేలిన 48 గినీ పందులలో 35 కేవలం ముగ్గురు రోగుల వల్ల జబ్బు పడ్డాయి. ఆ ముగ్గురూ మందులకు లొంగని క్రిములున్నవారు, సరైన మందు అందనివారు. సరిగ్గా పనిచేసే మందు పడినవాళ్ళ నుంచి అంటడం చాలా తక్కువ. మద్రాసు కుటుంబాలకు మందులు మొదలయ్యాక కొత్త ముప్పు లేదు. అంటాల్సింది అంతకు ముందే అంటింది.

ఈ రెండింటినీ కలిపి చదివితే హాస్టలు అమ్మాయి విషయం పూర్తిగా తలకిందులవుతుంది. మందు వేసుకుంటున్న, తన క్రిమికి ఆ మందు పనిచేస్తుందని పరీక్షలో తేలిన పిల్ల ఆ హాస్టల్లో భయపడాల్సిన మనిషే కాదు. ఆమెకు ఆ పరీక్ష జరిగింది. మందులకు లొంగే క్రిమి అని కాగితం మీద ఉంది. ఇంకా పరీక్ష చేయించుకోని, దగ్గుతున్న ఎవరో ఒకరు ఉండవచ్చు, వాళ్ళెవరో ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు కూడా కాపాడేది ఒక్కటే, గది.

నా అభిప్రాయం ఇదే. మద్రాసు నుంచి మనం మందులను తెచ్చుకున్నాం, అది గొప్ప మేలు చేసింది. బాల్టిమోర్ నుంచి తెచ్చుకోవలసిన గాలిని వదిలేశాం. శానిటోరియంలు అవసరం లేదని తేలినప్పుడు, వాటితోపాటు గాలి గురించిన ఆలోచన కూడా పోయింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలాంటి చోట్ల పాతకాలం వైద్యులు గాలీ వెలుతురూ ధారాళంగా ఉండాలని పట్టుబట్టేవారు. వాళ్ళు ఆ గాలి రోగికి మందు అనుకున్నారు. రోగికి అది చేసిన మేలు ఎంతో చెప్పలేం గానీ, పక్క మంచం మనిషికీ, నర్సుకూ మాత్రం చేసింది. పెరూ దేశపు లిమా నగరంలోని ఆసుపత్రులలో జరిగిన కొలతలు 2007లో ప్రచురించారు. 1950కి ముందు కట్టిన, ఎత్తయిన పైకప్పులూ పెద్ద కిటికీలూ ఉన్న గదుల్లో గాలి గంటకు 40 సార్లు మారుతోంది. 1970 తరువాత కట్టిన గదుల్లో కిటికీలన్నీ తెరిచినా 17 సార్లే. యంత్రాలతో గాలి ఆడించే గదుల్లో 12 సార్లు. కొత్తవన్నీ మెరుగైనవని అనుకునే మనకు ఈ లెక్క ఒకసారి ఆగి చూడవలసినది.

నాకు నేనే వేసుకున్న ప్రశ్నలు

గాలి ద్వారా వస్తుందని చెబితే భయం ఇంకా పెరగదా? పళ్ళెం వేరు చేస్తే కనీసం మనిషిని ఇంట్లో ఉంచుతారు, గాలి అంటే గడపే తొక్కనివ్వరు కదా? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు ఆపింది. వార్డెన్ కూడా దాదాపు ఇదే అన్నాడు: "మేడం, మీరు గాలి అంటే పేరెంట్స్ ఇంకా గొడవ చేస్తారు." అతని భయం అబద్ధం కాదు. కోవిడ్ మొదటి నెలల్లో గాలి మాట ఎత్తడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వెనకాడింది. 2020 మార్చి 28న గాలి ద్వారా వ్యాపించదనే ప్రకటించింది. జులైలో 239 మంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాయవలసి వచ్చింది. ఆ నెలల్లో మనం కూరగాయలు సబ్బుతో కడుక్కున్నాం, తలుపు గడియలు తుడుచుకున్నాం, ఏసీ గదుల్లో కిటికీలు మూసుకునే కూర్చున్నాం. దాచిన నిజం భయాన్ని తగ్గించలేదు, తప్పు చోటికి మళ్ళించింది. క్షయ విషయంలో జరుగుతున్నదీ అదే. పళ్ళెం మీద పెట్టిన భయం పళ్ళెం దగ్గర ఆగదు, పళ్ళెం యజమాని మీదికి వెళ్తుంది. గాలి అందరిదీ కాబట్టి, దాని గురించిన భయాన్ని కిటికీ మీదికి మళ్ళించవచ్చు.

రెండో ప్రశ్న ఇంకా బరువైనది. మన దగ్గర క్షయకు అసలు కారణం ఆకలి కదా, కిటికీల గురించి ఇంత మాట్లాడడం కడుపు నిండినవాళ్ళ మాట కాదా? ఝార్ఖండ్‌లో జరిగిన పరిశోధన 2023లో వచ్చింది. రోగుల ఇళ్ళలోని పదివేల మందికి పైగా కుటుంబ సభ్యులలో, అదనపు తిండిగింజలు, పప్పు అందుకున్నవారికి క్షయ రావడం 39 శాతం తగ్గింది. కిటికీ ఏదీ ఇంత మేలు చేస్తుందని నేను హామీ ఇవ్వలేను. అన్నం ముందు. ఈ మాటలో నాకు సందేహమే లేదు. కానీ అన్నం పెట్టే హాస్టలే కిటికీకి ప్లాస్టిక్ పట్టా కొడుతోంది. రెండింటిలో ఒకటి ఎంచుకోమని ఎవరూ మనల్ని అడగలేదు.

మూడోది మా ఇంటి నుంచే. దోమలు, దుమ్ము, దొంగలు, రోడ్డు పొగ, పక్కింటి టీవీ మోత. కిటికీ మూయడానికి మనుషులకు నిజమైన కారణాలున్నాయి. పాతకాలం ఇళ్ళలో గాలి బాగుండేదని మురిసిపోవడం కూడా నాకు నచ్చదు. మండువాలో ఆకాశం కనిపించేది, నిజమే. అదే ఇంట్లో బాలింతను కిటికీ లేని గదిలో సాంబ్రాణి పొగలో పడుకోబెట్టేవాళ్ళు. వంటింటి పొగ ఎందరి ఊపిరితిత్తులను పాడుచేసిందో.

కొలిచి చూస్తే

గాలి కంటికి కనిపించదు కాబట్టి, కనిపించేలా చేసే చిన్న పరికరం ఒకటి కొన్నాను. కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచేది. బయటి గాలిలో అది పదిలక్షల్లో 420 భాగాల దాకా ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000. అంటే గదిలో అంకె ఎంత పెరిగితే, మనం పీల్చే దానిలో ఇంకొకరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన భాగం అంత పెరిగినట్టు. క్రిమిని అది కొలవదు, ఊపిరుల కలయికను కొలుస్తుంది.

డెబ్బై మంది కూర్చున్న నా క్లాసులో మూడో పీరియడ్‌కు అంకె 2,300 చూపించింది. అంటే పీల్చే గాలిలో సుమారు ఇరవయ్యో వంతు మరొకరు వదిలినదే. పిల్లలతోనే లెక్క చేయించాను. క్లాసు కాసేపు నిశ్శబ్దమైంది. తరువాత వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి వెళ్ళి తనంతట తాను కిటికీ తెరిచింది. పావుగంటకు 1,100కు దిగింది. పాఠం చెప్పడం మొదలుపెట్టిన ఇన్నేళ్ళలో శ్వాసక్రియ పాఠం అంత బాగా ఎన్నడూ కుదరలేదు.

రైలీ కూడా చివరికి బడి గదుల దాకా వచ్చాడు. 1974లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో ఒకే ఒక్క చిన్నపిల్ల నుంచి, వాడిన గాలినే తిప్పి పంపే యంత్రాల గుండా, 14 వేర్వేరు తరగతి గదుల్లోని 28 మంది పిల్లలకు తట్టు సోకింది. ఆ పిల్లల్లో చాలామంది ఆమెతో ఒకే గదిలో కూర్చోనే లేదు. ఆ సంఘటనను లెక్కగట్టి 1978లో ప్రచురించిన సూత్రాన్నే ఇప్పుడు వెల్స్–రైలీ సమీకరణం అంటున్నారు. వెల్స్ 1963లోనే కన్నుమూశాడు. ఊపిరితిత్తి లోపలి గాలిని కొలవడంతో మొదలుపెట్టిన రైలీ, ఒక ఊపిరితిత్తి నుంచి ఇంకో ఊపిరితిత్తికి వెళ్ళే గాలిని కొలిచేదాకా వచ్చాడు. లోపలా బయటా ఆయనకు అది ఒకే గాలి.

మన దేశంలో ఆసుపత్రుల గాలి గురించి జాతీయ మార్గదర్శకాలు 2010 నుంచే ఉన్నాయి. ఈ మధ్య మా అమ్మను తీసుకుని వెళ్ళిన ఒక ఆసుపత్రిలో, దగ్గుతున్నవాళ్ళంతా కూర్చున్న హాలులో, అద్దాల కిటికీలు తెరవడానికి వీలు లేకుండా బిగించి ఉన్నాయి. గోడ మీద మాత్రం నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకోమని పెద్ద బొమ్మ ఉంది. ఆ బొమ్మ తప్పు చెప్పడం లేదు. బాధ్యతనంతా దగ్గే మనిషి చేతిరుమాలులో మూటగట్టి, కట్టడం కట్టినవాళ్ళను వదిలేస్తోంది.

హాస్టలుకు మళ్ళీ వెళ్ళాను. ఈసారి పరికరాన్ని ఒక రాత్రి ఆ గదిలో ఉంచమని వార్డెన్‌ను అడిగాను. తెల్లవారుజామున పిల్లలే ఫోటో తీసి పంపారు: 3,200. వార్డెన్ ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. "అంటే ఒకళ్ళ గాలి ఒకళ్ళు..." అని వాక్యం పూర్తి చేయలేదు. తన కూతురు కూడా ఇంకో ఊళ్ళో హాస్టల్లోనే ఉంటోందని చెప్పాడు.

రెండు ప్లాస్టిక్ పట్టాలు తీయించాడు. వాటి చోట దోమతెర బిగించడానికి వడ్రంగిని పిలిపించారు, తెర ఖర్చు మేము నలుగురు లెక్చరర్లం పంచుకున్నాం. అమ్మాయిని వచ్చే సోమవారం నుంచి రానిస్తామన్నారు. పళ్ళెం మాత్రం విడిగానే పెట్టుకోవాలట, తల్లిదండ్రులకు అలా అని మాట ఇచ్చారట. దాని మీద ఇంకా మాట్లాడాలి. మూడో కిటికీకి అడ్డంగా ఉన్న బీరువా బరువైనది, నిండా రికార్డులున్నాయి. ఆదివారం వస్తే నలుగురం పట్టి జరుపుదామని వార్డెన్ అన్నాడు.